మాల్ కింద 1,600 కార్లు, మాల్ ముందు ట్రామ్

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో నడిబొడ్డున పికార్డీ ప్లేస్ అనే కూడలిలో ఒక కంచు విగ్రహం ఉంటుంది. కథల్లోని ఒక డిటెక్టివ్‌ది. ట్రామ్ పనుల కోసం 2009లో దాన్ని తీసి పక్కన పెట్టారు. కొన్నేళ్లకు మళ్లీ నిలబెట్టారు. 2018లో రెండోసారి తీశారు. ఈసారి తిరిగి రావడానికి 2023 దాకా పట్టింది. ఒక విగ్రహం ఇన్నిసార్లు చోటు మారిందంటే, దాని చుట్టూ ఉన్న కాస్త జాగా కోసం రెండు పెద్ద పనులు పోటీ పడ్డాయన్నమాట. ఒకటి సెయింట్ జేమ్స్ క్వార్టర్, దాదాపు వంద కోట్ల పౌండ్లతో కట్టిన షాపింగ్ సముదాయం. రెండోది ట్రామ్ లైను.

సెయింట్ జేమ్స్ క్వార్టర్ 2021 జూన్‌లో తెరుచుకుంది. దాని కింద సుమారు 1,600 కార్లకు పార్కింగ్ ఉంది. 2023 జూన్ 7 నుంచి దాని పక్కగా, లీత్ మీదుగా న్యూహేవెన్ వరకు ట్రామ్ నడుస్తోంది. కారున్నవాళ్లకు పార్కింగ్, లేనివాళ్లకు ట్రామ్, ఇద్దరికీ న్యాయం జరిగినట్టే అనిపిస్తుంది. కానీ ఆ కార్లూ ఆ ట్రామూ వచ్చి చేరేది ఒకే చుట్టుపక్కల రోడ్లకు, ఎదురుచూసేది అవే సిగ్నళ్ల కోసం. ఇంకో విషయం కూడా ఉంది. నగరంలో కార్ల వాడకాన్ని తగ్గిస్తామని అక్కడి నగర కౌన్సిల్ తన రవాణా ప్రణాళికలో రాసుకుంది. ఆ ప్రణాళిక ఆమోదం పొందింది 2021 ఫిబ్రవరిలో. అంటే కార్లు తగ్గిస్తామన్న మాటకూ, ఊరి మధ్యలో 1,600 కార్లకు తలుపు తెరవడానికీ మధ్య నాలుగు నెలలే తేడా.

ఇందులో ఎవరో మోసం చేశారని అనుకోనక్కర్లేదు. రెండు నిర్ణయాలూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు గదుల్లో, వేర్వేరు మనుషులు తీసుకున్నవి. పార్కింగ్‌కూ ట్రామ్‌కూ గొడవ మన కంటికి రోడ్డు మీద కనిపిస్తుంది. నిజానికి అది తేలిపోయేది అంతకు పదేళ్ల ముందు, ఒప్పందాలు రాసుకునే బల్ల దగ్గర. ఎవరి లెక్క ముందుగా కాగితం మీదికి ఎక్కితే రోడ్డు వాళ్ల కొలతలకు తగ్గట్టు తయారవుతుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లు మిగిలిన చోటులో సర్దుకోవాల్సిందే.

ఎడిన్‌బరోలో పాత ట్రాములు 1956 నవంబర్‌లో ఆగిపోయాయి. కొత్త లైను ఎయిర్‌పోర్టు నుంచి ఊరి మధ్యగా సముద్రపు ఒడ్డున ఉన్న న్యూహేవెన్ దాకా వెళ్లాలని ప్లాన్. కానీ కాంట్రాక్టర్‌తో తగవులు, భూమి కింద పైపులు, కేబుళ్లు తరలించే పనిలో ఆలస్యాలు, పెరుగుతూ పోయిన ఖర్చు కలిసి ఆ ప్లాన్‌ను మధ్యలోనే కత్తిరించాయి. 2014 మే 31న ప్రయాణికులు ఎక్కే నాటికి లైను యార్క్ ప్లేస్ దగ్గరే ఆగిపోయింది. ఖర్చు 77.6 కోట్ల పౌండ్లు. పికార్డీ ప్లేస్‌కు కూతవేటు దూరంలో పట్టాలు అయిపోయాయి. యార్క్ ప్లేస్‌లో ఒకే ప్లాట్‌ఫాం ఉన్న తాత్కాలిక స్టాపు కట్టి సరిపెట్టారు.

ట్రామ్ అలా ఆగిపోయిన తొమ్మిదేళ్లలో మాల్ ఆగలేదు. దానికి తొలి అనుమతి 2009లోనే వచ్చింది. తర్వాత స్కాట్లాండ్ ప్రభుత్వం, నగర కౌన్సిల్, మాల్ కట్టే సంస్థ కలిసి ఒక పెట్టుబడి ఒప్పందం చేసుకున్నాయి. చుట్టుపక్కల రోడ్లు, జంక్షన్లు, ఇతర సదుపాయాల కోసం 6.14 కోట్ల పౌండ్ల ప్రభుత్వ సొమ్ము దీనికి ముడిపడింది. అనుకున్న పనులు, అనుకున్న ఫలితాలు కనబడితేనే డబ్బు వచ్చే పద్ధతి అది. దాంతో పికార్డీ ప్లేస్ జంక్షన్ రూపురేఖలు ఉత్త రవాణా విషయంగా మిగల్లేదు, ఒక ఆర్థిక ఒప్పందంలో భాగమైపోయాయి.

2017లో ఆ జంక్షన్ డిజైన్ జనం ముందుకు వచ్చింది. పాత రౌండెబౌట్ స్థానంలో మూడు వైపులా రోడ్డు తిరిగే త్రికోణం, మధ్యలో ట్రామ్ స్టాపు. పాదచారుల సంఘాలు, సైకిల్ సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. ట్రామ్ దిగిన మనిషి ఏ వైపు వెళ్లాలన్నా ట్రాఫిక్ దాటాలి, ఇది దీవిలో దించినట్టే కదా అన్నది వాళ్ల బాధ. కూడలిని మామూలు సిగ్నల్ జంక్షన్‌గా మార్చి, మిగిలిన స్థలాన్ని నడిచేవాళ్లకు ఇవ్వొచ్చన్నది వాళ్ల వాదన. ఫుట్‌పాత్‌ల వెడల్పు, సైకిల్ దారి లాంటి వాటిలో కొన్ని మార్పులు చేశారు. త్రికోణం మాత్రం త్రికోణంగానే ఉండిపోయింది. ప్రజల అభిప్రాయం అడిగారు, నిజమే. కానీ అసలు ప్రశ్నకు జవాబు అప్పటికే సంతకాల్లో ఉన్నప్పుడు, అభిప్రాయ సేకరణలో మిగిలేది ఫుట్‌పాత్ అంచులు, చెట్ల వరసలు. ఆ మీటింగులకు పనులు మానుకుని వచ్చి మాట్లాడిన మామూలు మనుషులకు ఇది అన్యాయమే.

ఇంతకీ రోడ్డు మీద ఏం జరుగుతుంది?

ఎడిన్‌బరో ట్రామ్ పొడవు 42.8 మీటర్లు. నాలుగు బస్సులు వరసగా నిలబెట్టినంత. 250 మంది పడతారు. బస్సుకు అడ్డం వస్తే డ్రైవర్ స్టీరింగ్ తిప్పి పక్క నుంచి పోనిస్తాడు. ట్రామ్‌కు ఆ వీలు లేదు. ఒక కారు వెనక చక్రాలు పట్టాల మీద ఉండిపోతే చాలు, 250 మంది ఆగిపోతారు. ఆ కారు డ్రైవర్‌ది తప్పని కూడా అనలేం. గ్రీన్ పడింది, కదిలాడు, ముందున్న వరస అనుకున్నంత జరగలేదు. ఆ వరస ఎందుకు జరగలేదంటే, ఇంకో రెండు మలుపుల అవతల పార్కింగ్ గేటు దగ్గర ఒకాయన టికెట్ తీసుకోవడానికి ఆగాడు. శనివారం మధ్యాహ్నం కార్ పార్క్ నిండే వేళకు ఒక కారు బయటికొస్తే తప్ప ఇంకో కారు లోపలికి వెళ్లదు. ఆ క్యూ వెనక్కి పాకుతూ పాకుతూ జంక్షన్ చేరుతుంది. అంటే నేల కింద మూడో అంతస్తులో ఖాళీ దొరక్కపోవడం నేల మీద ట్రామ్‌ను ఆపగలదు.

ఇందులో సిగ్నళ్ల లెక్క ఇంకోటి. ఒక లేన్‌లో ఏకధాటిగా గ్రీన్ ఉంటే గంటకు సుమారు 1,800 కార్లు పోతాయని ట్రాఫిక్ ఇంజనీర్లు లెక్కేస్తారు. జంక్షన్‌లో ఆ లేన్‌కు మూడోవంతు సమయమే గ్రీన్ ఇవ్వగలిగితే అది 600 అవుతుంది. కారుకు ఒకటిన్నర మంది చొప్పున 900 మంది. ఏడు నిమిషాలకో ట్రామ్ వస్తే గంటకు ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. అవి నిండుగా వస్తే ఒక్క దిశలోనే రెండు వేలకు పైగా మనుషులు. పైగా ట్రామ్ జంక్షన్ దాటడానికి కావాల్సింది కొద్ది సెకన్ల గ్రీన్. మనుషులను లెక్కపెడితే ట్రామ్‌కు ముందు దారి ఇవ్వాలన్నది ఏ స్కూలు పిల్లాడైనా చెప్పే మాట. చిక్కంతా ఎక్కడంటే, ట్రామ్ వచ్చినప్పుడల్లా గ్రీన్ ఇస్తే మిగతా వైపుల క్యూలు పెరుగుతాయి. క్యూలు పెరిగితే కార్ పార్క్ నుంచి బయటపడటానికే చాలాసేపు పడుతుంది. అప్పుడు మాల్ వాళ్ల దగ్గర నుంచి, కస్టమర్ల దగ్గర నుంచి ఫిర్యాదులు మొదలవుతాయి. కార్లలో కూర్చున్నవాళ్ల ఫిర్యాదుకు ఒక చిరునామా ఉంటుంది, మాల్ మేనేజర్. ట్రామ్‌లో రెండు నిమిషాలు ఆలస్యమైన 250 మంది ఎవరి దారిన వాళ్లు దిగిపోతారు, ఎవరికీ ఫోన్ చేయరు. అందుకే సిగ్నల్ టైమింగులు మెల్లమెల్లగా కార్ల వైపు జరిగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఏ నగరానికైనా ఇది వర్తిస్తుంది.

మాల్ కట్టేవాళ్ల వైపు నుంచి కూడా చూడాలి. వాళ్లకు పార్కింగ్ మోజు కాదు, వ్యాపారం. పెద్ద దుకాణాలు లీజు మాట్లాడుకునేటప్పుడు అడిగే తొలి ప్రశ్నల్లో ఒకటి, కార్లు ఎన్ని పడతాయని. ఊరి బయట రింగ్ రోడ్డు పక్కన ఉన్న షాపింగ్ సెంటర్లలో పార్కింగ్ ఫ్రీ. వాటితో పోటీ పడాలంటే ఊరి మధ్యలో కనీసం చోటైనా ఉండాలి కదా అంటారు. చుట్టుపక్కల చిన్న ఊళ్ల నుంచి, పల్లెల నుంచి వచ్చేవాళ్లకు ట్రామ్ దగ్గర్లో లేదు. సోఫా, టీవీ, పిల్లల మంచం ట్రామ్‌లో పట్టుకెళ్లడం కుదరదు. అప్పిచ్చే బ్యాంకులూ, పెన్షన్ ఫండ్లూ ఆదాయ లెక్కలో పార్కింగ్ ఫీజును కూడా కలుపుకుంటాయి. ఈ మాటల్లో దేన్నీ కొట్టిపారేయలేం.

కానీ ఒక మాటను మాత్రం పరీక్షించాల్సిందే. కొనుగోలుదారుల్లో ఎక్కువమంది కార్లలోనే వస్తారన్నది దుకాణదారుల గట్టి నమ్మకం. 2006లో బ్రిటన్‌లోనే బ్రిస్టల్ నగరంలో షాపింగ్ వీధుల్లో, నడకనూ సైకిళ్లనూ ప్రోత్సహించే సస్ట్రాన్స్ అనే సంస్థ రెండు వైపులా అడిగింది. మీ కస్టమర్లలో ఎంతమంది కార్లో వస్తారని షాపుల వాళ్లను అడిగితే 41 శాతం అన్నారు. కస్టమర్లను అడిగితే తేలింది 22 శాతం. దాదాపు సగం. ఇది అబద్ధం చెప్పడం కాదు. కార్లో వచ్చినవాళ్లు పార్కింగ్ దొరకలేదని కౌంటర్ దగ్గర గొడవ చేస్తారు, కాబట్టి గుర్తుంటారు. నడిచి వచ్చినవాళ్లు కొనుక్కుని మాట్లాడకుండా వెళ్లిపోతారు. అది వీధి దుకాణాల కథే, పెద్ద మాల్ లెక్కలు వేరుగా ఉండొచ్చు. అయినా వందల కోట్ల ప్రాజెక్టుల్లో కార్ల సంఖ్య నిర్ణయించే ముందు ఈ రెండో ప్రశ్న అడిగారా లేదా అన్నది తెలియాలి.

ఎడిన్‌బరో దుకాణదారుల భయం కొత్తదేం కాదు. ఊరి మధ్యకు వచ్చే కార్ల మీద రోజుకు 2 పౌండ్ల ఛార్జీ వేయాలని కౌన్సిల్ ప్రతిపాదించి, 2005 ఫిబ్రవరిలో ప్రజల ఓటు అడిగింది. 74 శాతం వద్దన్నారు. ఆ ఓటమి తర్వాత కార్లకు కళ్లెం వేసే మాట ఎత్తాలంటేనే నాయకులకు టెన్షన్. కార్లను తగ్గించే మార్గం మూసుకుపోయింది, ట్రామ్‌ను తెచ్చే మార్గం మిగిలింది. రెండూ కలిసి నడవాల్సినవి. ఒకటే నడిస్తే ట్రామ్ కార్లకు బదులుగా కాకుండా కార్లకు అదనంగా వచ్చి కూర్చుంటుంది.

అదే నగరానికి ఇంకో కొసన ఇంగ్లిస్టన్ ఉంది. ఎయిర్‌పోర్టు దగ్గర, ట్రామ్ లైను మీదే, వెయ్యికి పైగా కార్లకు చోటున్న పార్క్ అండ్ రైడ్. అక్కడ పార్కింగ్ ఫ్రీ. కారు పెట్టేసి ట్రామ్ ఎక్కితే పికార్డీ ప్లేస్ స్టాపులో, సరిగ్గా మాల్ పక్కనే దిగొచ్చు. ఊరి బయట నుంచి వచ్చేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఒక కుటుంబం లెక్క వేసి చూడండి. అమ్మా నాన్నా, ఎదిగిన ఇద్దరు పిల్లలు. ట్రామ్ అయితే నలుగురికీ రానూ పోనూ టికెట్లు తీసుకోవాలి. మాల్ కింద పార్కింగ్ అయితే కారుకు ఒక్కటే ఫీజు, అందులో ఒక్కరొచ్చినా ఐదుగురొచ్చినా అంతే. ట్రామ్ మనిషికింత అని వసూలు చేస్తుంది, పార్కింగ్ కారుకింత అని వసూలు చేస్తుంది. కుటుంబం పెద్దదయ్యేకొద్దీ కారే చవక. ఒంటరిగా ఆఫీసుకు వెళ్లే మనిషి దగ్గర గెలిచే ట్రామ్, శనివారం షాపింగుకు వచ్చే కుటుంబం దగ్గర ఓడిపోయేది ఇక్కడే. జంక్షన్ మీద ఒత్తిడి పెరిగేది కూడా ఆ శనివారమే. వారాంతంలో కుటుంబానికంతా ఒకే టికెట్, అది మాల్ పార్కింగ్ ఫీజు కంటే తక్కువ, ఇలా రెండు ధరలనూ పక్కపక్కన పెట్టి నిర్ణయించే అధికారం ఎవరి చేతిలోనూ లేదు. ట్రామ్ కౌన్సిల్ కంపెనీది, పార్కింగ్ ప్రైవేటుది.

రెండూ కౌన్సిల్ చేతిలోనే ఉంటే బాగుపడుతుందా? నాటింగ్‌హామ్ చూస్తే అంత సులువు కాదనిపిస్తుంది. ట్రామ్ విషయంలో బ్రిటన్‌లో ఆ నగరం చాలా ముందుంది. 2004లో మొదటి లైను, 2015లో ఇంకో రెండు దారులు. వాటి ఖర్చు కోసం 2012 ఏప్రిల్ నుంచి ఆఫీసుల పార్కింగ్ మీద పన్ను వేసింది. 11 లేదా అంతకు మించి కార్లకు చోటిచ్చే యజమానులు, చోటుకు ఏడాదికింత చొప్పున కట్టాలి. మొదటి ఏడాది అది 288 పౌండ్లు. బ్రిటన్‌లో అప్పటిదాకా ఏ నగరమూ చేయని ధైర్యం అది. అయితే ఆ పన్ను ఉద్యోగుల పార్కింగ్ మీదే. షాపింగ్ పార్కింగ్ జోలికి వెళ్లలేదు.

ఆ నగరం మధ్యలో బ్రాడ్‌మార్ష్ అనే పాత షాపింగ్ సెంటర్ ఉండేది. దాని పక్కనే వంతెన మీదుగా ట్రామ్ వెళుతుంది, రైల్వే స్టేషన్ అక్కడికి నడక దూరం. కొత్త మాల్ కోసం 2019 చివర్లో పాతదాన్ని పడగొట్టడం మొదలుపెట్టారు. దానికి తోడుగా కౌన్సిల్ తన సొంత ఖర్చుతో పెద్ద కార్ పార్క్, బస్ స్టేషన్ కట్టే పనిలో పడింది. 2020 జూన్‌లో మాల్ కట్టాల్సిన ఇంటూ కంపెనీ దివాలా తీసింది. సగం కూలిన భవనం అలాగే ఉండిపోయింది. కార్ పార్క్ మాత్రం పూర్తయి తెరుచుకుంది. మాల్ రాలేదు, మాల్‌కు వచ్చేవాళ్ల కోసం అనుకున్న పార్కింగ్ వచ్చింది. పాత సెంటర్ ఉన్న చోటులో కొంత తర్వాత పచ్చని పార్కుగా మారింది, జనం సంతోషించారు. ట్రామ్ కోసం అంత పోరాడిన నగరం కూడా, ఒక మాల్ వస్తుందంటే ముందుగా కట్టింది కార్లకు గూడు. రైల్వే స్టేషన్, ట్రామ్, బస్సులు మూడూ దగ్గరున్న చోట కూడా పార్కింగ్ లేకపోతే మాల్ నిలబడదన్న భయం అంత బలమైనది.

హైదరాబాద్‌లో ట్రామ్ లేదు. మెట్రో స్తంభాల మీద నడుస్తుంది కాబట్టి మాల్ గేటు దగ్గర కార్ల క్యూ దాన్ని ఆపలేదు. ఆ ఒక్క విషయంలో మనం అదృష్టవంతులం. కానీ పంజాగుట్టలో, ఎర్రమంజిల్‌లో మెట్రో స్టేషన్ల పక్కనే మెట్రో సంస్థే మాల్స్ కట్టింది. 2018 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం జీవో 63 తెచ్చింది. మాల్స్‌లో తొలి అరగంట పార్కింగ్ ఫ్రీ, గంటలోపు అయితే కొన్న బిల్లు చూపిస్తే ఫ్రీ, అంతకు మించితే పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ కొన్నట్టు బిల్లు ఉంటే ఫ్రీ. అప్పటికి ఇష్టమొచ్చినట్టు వసూలు చేస్తున్న మాల్స్‌కు కళ్లెం వేయడం మంచిదే, జనం హర్షించారు. అయితే పార్కింగ్ కట్టడానికీ నడపడానికీ అయ్యే ఖర్చు ఎక్కడికీ పోదు. అది దుకాణాల అద్దెల్లోకి, అక్కడి నుంచి వస్తువుల ధరల్లోకి చేరుతుంది. మెట్రోలో వచ్చి అదే షర్టు కొన్న మనిషి కూడా ఆ ఖర్చులో తన వంతు కడతాడు, అతనికి మాత్రం టికెట్ డబ్బు ఎవరూ తిరిగివ్వరు.

ఎడిన్‌బరో ట్రామ్ విఫలమైందని మాత్రం అనుకోవద్దు. న్యూహేవెన్ దాకా వేశాక ప్రయాణికులు ఒక్కసారిగా పెరిగారు. 2019లో 75 లక్షల దగ్గరున్న ప్రయాణాలు 2024లో కోటీ ఇరవై లక్షలకు చేరాయి. ఈ విస్తరణ 20.7 కోట్ల పౌండ్ల బడ్జెట్‌లో అయింది. మాల్‌కు కూడా ఈ జనం వస్తున్నారు, పికార్డీ ప్లేస్ స్టాపు ఖాళీగా ఏం ఉండదు. అందుకే ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న మారింది. అప్పట్లో వేసుకున్న 1,600 అనే లెక్క ఇప్పటికీ అవసరమా? కట్టేసిన పార్కింగ్‌ను పూడ్చమని ఎవరూ అనరు. కానీ చేయదగినవి కొన్ని ఉన్నాయి. కార్ పార్క్ నిండబోతోందని ఊరి బయటే, ఇంగ్లిస్టన్ మలుపు రాకముందే బోర్డుల్లో చెప్పొచ్చు. గేట్లు రోడ్డు అంచున కాకుండా లోపల లోతుగా పెడితే క్యూ నేల కిందే నిలబడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా సిగ్నళ్లలో ట్రామ్‌కు ఎంత ప్రాధాన్యం ఇస్తున్నారో, జంక్షన్‌లో ట్రామ్ సగటున ఎన్ని సెకన్లు ఆగుతోందో నెలనెలా బయటపెట్టాలి. ఫోన్ చేయని ఆ 250 మంది తరఫున మాట్లాడేది ఆ అంకె ఒక్కటే.

ఇప్పుడు ఆ నగరంలో ఉత్తరాన గ్రాంటన్ నుంచి దక్షిణాన రాయల్ ఇన్‌ఫర్మరీ ఆస్పత్రి వైపు ఇంకో ట్రామ్ లైను ప్రతిపాదన నడుస్తోంది. అది నార్త్ బ్రిడ్జ్, సౌత్ బ్రిడ్జ్ మీదుగా, రెండు పక్కలా చిన్న చిన్న దుకాణాలున్న ఇరుకు వీధుల గుండా పోవాలి. అక్కడ 1,600 కార్ల మాల్ ఏదీ లేదు. పొద్దున్నే సరుకు దించే వ్యాన్లు, ఐదు నిమిషాల్లో వచ్చేస్తానని ఆపే కార్లు ఉన్నాయి. వాటికి ఎక్కడ చోటిస్తారో పట్టాల గీతలు గీయక ముందే తేల్చుకోవడానికి ఇంకా సమయం ఉంది.